కొట్టే దూరం, పోయే దూరం

ఈ సంగతి జరిగిన కొత్తలోనే రాసి పెట్టవలసింది. కానీ అప్పుడు నాకు అక్షరాలు రావు. కూలి తీసుకునేటప్పుడు వేలిముద్ర వేసేదాన్ని. నాకు తెలిసిన గీతలన్నీ ఒకదానిలో ఒకటి గుండ్రాలు, వాటి నడుమ నల్లటి చుక్క. మనవరాళ్లు పుట్టాక, పుంగనూరులో మహిళా మండలి వాళ్లు పెట్టిన చదువు తరగతిలో చేరాను. ‘అ’ దిద్దమని పలక చేతికిస్తే నా చెయ్యి తనంతట తాను గుండ్రం చుట్టి మధ్యలో చుక్క పెట్టేసేది. పంతులమ్మ చూసి, "మనం ‘ఠ’ దాకా ఇంకా రాలేదు కదమ్మా!" అని నవ్వేది.

అక్షరాలు వచ్చాక కూడా ఉత్తరం ముక్కలు తప్ప ఏమీ రాయలేదు. మొన్న నా మనవరాలు మదనపల్లె కాలేజీ నుంచి ఎన్.సి.సి. బట్టలతో వచ్చింది. తుపాకి కాల్చడం నేర్పుతున్నారట. "టూటూ రైఫిలే అవ్వా, బొమ్మ తుపాకి. ఆ బోర్డు దాటితే దాని గుండుకు బలమే ఉండదు" అంది. నేను పొయ్యి మీది ఎసరు దించేసి, కాగితం తెచ్చుకుని కూర్చున్నాను. దానికోసం, దాని ఈడు పిల్లలందరి కోసం రాస్తున్నాను.

తెల్లదొరల కాలం, పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులవి. మా ఆయన దండులో వంటపనికి పోయాడు. నేను మా అమ్మ దగ్గర ఉండేదాన్ని. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డు దిగి, చెనిక్కాయ చేల మధ్య కొంత నడిస్తే మా ఊరు. ఊరికి చెరువు ఉంది గానీ అందులో నీళ్లు చూసి చాలా ఏండ్లయింది. చెరువు కడుపులో మేకలు మేసేవి, తుమ్మచెట్లు మొలిచేవి. నేను చిన్నప్పుడు ఆడుకున్న నీళ్ల గురించి ఆ తర్వాత పుట్టిన పిల్లలకు కథలాగా చెప్పేవాళ్లం.

ఆ ఎండిన చెరువులోకి తుపాకులు వచ్చాయి. మదనపల్లెలో గుమాస్తాలు, అంగళ్లవాళ్లు, పంతుళ్లు కలిసి ఊరి కాపలా దళం కట్టుకున్నారు. పుంగనూరులోనూ కుప్పంలోనూ అట్లాంటి దళాలే ఉండేవి. గురి నేర్చుకోవడానికి మదనపల్లె వాళ్లకు మా చెరువు నచ్చింది. నేల చదును. వెనక ఇద్దరు మనుషులెత్తు మట్టికట్ట. గురి తప్పిన గుండు కట్టలో కూరుకుపోతుంది.

పెద్ద తూటాలన్నీ యుద్ధానికి పోతున్నాయి కాబట్టి వీళ్లకు చిన్న తుపాకులిచ్చారు. టూటూ రైఫిలని వాళ్లనేవాళ్లు, గువ్వల తుపాకి అని మా ఊరివాళ్లు అనేవాళ్లు. తూటా చిటికెన వేలి కణుపంత ఉంటుంది. దాని అడుగు అంచు మీద సూది దెబ్బ పడితే పేలుతుంది. ఒక్కోసారి పేలదు. అప్పుడు గురి నేర్పే హవల్దారు సాబు దాన్ని బయటికి తీసి, అంచు ఇంకోవైపు తగిలేట్టు తిప్పి పెట్టేవాడు. "ఇది గాడిద మాదిరి. ఈపక్క తంతే లేవదు, ఆపక్క తంతే లేస్తాది" అనేవాడు.

హవల్దారు సాబు దండులో పనిచేసి వచ్చిన మదనపల్లె సాయిబు. దళానికి గురి నేర్పడం ఆయన పని. ఎడమ కంట్లో పొర కమ్మింది. ఎవరైనా దాని గురించి అడిగితే, "ఆ కన్ను పింఛను తీసుకున్యాది. ఈ కన్ను ఇంకా డ్యూటీలోనే ఉండాది" అనేవాడు. మగవాళ్లు దండుకో దూరపు పనులకో పోయి ఉండడంతో గురిపలకల దగ్గర పనికి ఆడవాళ్లను పెట్టుకున్నాడు. ఒకరు నేను. ఇంకొకరు చౌడేపల్లె నుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన ఆమె. అందరం ఆమెను చౌడేపల్లక్క అనేవాళ్లం.

కట్ట కింద, గుండ్రాలూ నల్లచుక్కా ఉన్న కాగితాలు అంటించిన గురిపలకలు నిలబెట్టి, వాటి ముందు గుంట తవ్వారు. మేమిద్దరం గుంటలో కూర్చుంటే మా తలల మీదుగా గుండ్లు పోయి పలకలకు తగిలేవి. గుండు పడిన చోట, పొడవాటి కర్ర చివరి తెల్లరేకు ఆనించి చూపించాలి. కాల్చేవాళ్ల వైపు నుంచి హవల్దారు సాబు ‘చూశాను’ అన్నట్టు గుడ్డ ఊపేవాడు. ఊపేదాకా కర్ర దించకూడదు. ఆ తర్వాత చిల్లుకు కాగితం ముక్క అంటించాలి. జిగురుకు రాగి గంజి. అది కమ్మగా ఉండేదేమో, ఒక ఆదివారం మేకలు గుంట దగ్గరికి వచ్చి పలకల కాగితాలన్నీ నమిలేశాయి. ప్లీడరు దగ్గర పనిచేసే గుమాస్తా ఒకడు ఆ దళంలో అందరికన్నా గురిగాడు. ఆ రోజు అతను కొట్టిన దెబ్బలన్నీ నల్లచుక్కలోనే పడ్డాయి. చూపించడానికి కాగితం లేదు. "పోనీలేప్పా, మేక కడుపులో భద్రంగా ఉండాది" అని చౌడేపల్లక్క ఓదార్చింది.

గుంటలో ఒక ఎర్రజెండా కూడా ఉండేది. అది లేస్తే కాల్పులు ఆగాలి. దాన్ని నా చేతికిచ్చిన రోజు సాబు అన్నాడు: "బేటీ, ఊరికే ఎత్తినావంటే నీ పని పోతాది. ఎత్తాల్సినప్పుడు ఎత్తకపోతే ఎవురిదో పానం పోతాది. రెండూ గెవనంలో పెట్టుకో."

పనిలో ఉండగా మాకూ తుపాకి గుణం కొంత తెలిసింది. యాభై గజాల నుంచి కాలిస్తే బాగా గురి ఉన్నవాడి గుండ్లన్నీ ఒక తమలపాకులో పడతాయి. అదే మనిషి నూరు గజాల నుంచి కాలిస్తే చేటంత చోటు కావాలి. యాభైకి సరిచేసిన గురితో నూటికి కాలిస్తే గుండు జానెడుకు పైనే కిందికి జారుతుంది. గాలి ఉంటే పక్కకూ పోతుంది. గాలి చూడడానికి నా పాత చీర అంచు చించి ఒక గడకు కట్టాడు సాబు. "ఈ గుండు కొత్తకోడలమ్మే. చెప్పిన దారిన పోదు, పక్కకు చూసుకుంటా పోతాది" అనేది అక్క.

కట్ట ఎందుకింత ఎత్తు ఉండాలని అడిగితే సాబు చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "కొట్టే దూరం వేరు, పోయే దూరం వేరమ్మా. నూరు గజాలు దాటితే ఇది దేన్ని కొడతాదో చెప్పలేను. కానీ పోతాది. మీ ఊరు దాటి పోతాది. కట్ట లేకుంటే నేనీడ తుపాకి ముట్టను."

ఇంతలో తూటాలకు కరువు వచ్చింది. మూడు ఊళ్లకు కలిపి ఒక్కచోటే గురి నేర్పే స్థలం ఉంచుతారని తెలిసింది. పోటీ పెడతారు, గెలిచిన ఊరికి స్థలం. కుప్పం వాళ్లకు ఊళ్లోనే రైలు ఉంది. మదనపల్లెకు రైల్లో వస్తే దిగి మళ్లీ బండి చూసుకోవాలి. పోటీ తేలకపోతే రైలున్న కుప్పానికే ఇస్తారు. కాబట్టి మావాళ్లు గెలిస్తే తప్ప స్థలం మాకు మిగలదు. ఆ ఏడు చెనిక్కాయ పంట పోయింది. సాబు ఇంట్లో తినే నోళ్లు చాలా. మా ఇంట్లో, అక్క ఇంట్లో పొయ్యి వెలిగేది గుంటలో కూలితోనే. ఆ పోటీ కాల్చేవాళ్లకు పందెం, మాకు కూడు.

పోటీకి ముందు ముసురు పట్టింది. ఎవరూ అనుకోని వాన. వంకలు పొంగి చెరువులోకి నీళ్లు వచ్చాయి. నిండలేదు గానీ మోకాలి లోతున పరుచుకున్నాయి. మా గుంట మెరకన ఉండడంతో మునగలేదు. దానికి కాస్త దూరంలో నీళ్లు ఆగాయి. ఊరంతా కట్టెక్కి నిలబడి చూసింది. మా అమ్మ నీళ్లు దోసిట్లో పట్టుకుని ముఖాన చల్లుకుని ఏడ్చింది.

చెరువుకు నీళ్లొస్తే గంగమ్మకు పిండిదీపాలు ఎత్తాలి. కట్ట వెనక చేల మధ్యన గంగమ్మ రాయి ఉంది. అక్కడ దీపాలు ముట్టించుకుని, డప్పులు కొట్టుకుంటూ కట్టెక్కి నీళ్లకు చూపిస్తారు. పెద్దలు చూసిన మంచిరోజు పోటీ రోజే పడింది. వాళ్లు వచ్చి సాబును అడిగారు.

"దానికేముండాది? మీరు రాయి కాడ కూసోండి. కాల్పులు అయినాక నేను కట్టెక్కి గుడ్డ ఊపుతా, అప్పుడు రండి. కట్ట ముందర రావద్దు, అంతే. ఎనకాల మీకు భయం లేదు" అన్నాడు సాబు.

అందరికీ నచ్చిన మాట. అందులో తప్పేమిటో ఆ క్షణాన ఆయనకూ తోచలేదు, మాకూ తోచలేదు.

పోటీ రోజు చిత్తూరు నుంచి ఒక దొర వచ్చాడు. యాభై గజాల దగ్గర పడుకునే చోటు నీళ్లలో ఉంది కాబట్టి అందరూ నీళ్లకు అవతల నూరు గజాల గట్టు మీద పడుకుని కాల్చాలన్నాడు. తూటాలు కొద్దిగానే ఉన్నాయని, మధ్యలో ఆగితే మళ్లీ పెట్టేది లేదని ముందే చెప్పాడు. ఊరికొకరు చొప్పున ముగ్గురు పక్కపక్కన పడుకుని మూడు పలకలకు కాలుస్తారు. వాళ్లు లేస్తే ఇంకో ముగ్గురు.

పుంగనూరు వాళ్లకూ కుప్పం వాళ్లకూ యాభై గజాలే అలవాటు. గుండ్లు కిందికి జారడం మొదలుపెట్టాయి. గుంటలో మాకు పండగ. కుప్పం పలక మీద చిల్లు వెతకలేక అక్క విసుక్కుంది. "రైలు ఉండాదని ఎగిర్నారే, గుండ్లు కూడా రైలెక్కి పోయినట్టుండాయి!"

మావాళ్లు ముందున్నారు. ఆఖరి వరసలో ప్లీడరు గుమాస్తా పడుకున్నాడు. అతని మొదటి దెబ్బ నల్లచుక్కలో పడింది. రేకు ఆనించాను. అవతల సాబు గుడ్డ కొంచెం గట్టిగానే ఊపాడు. అక్క నా వీపు చరిచింది. "గెలిసినామే! రేపు నేను బెల్లం పెట్టి రాగి జావ కాస్తా!"

అప్పుడు విన్నాను. పలకకు తగలని గుండు కట్ట మట్టిలో ‘డబ్’మని కూరుకునేది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు వింటూ తప్పినవి లెక్క పెట్టుకునేదాన్ని. ఇప్పుడు తుపాకి చప్పుడు వస్తోంది, పలకలో చిల్లు లేదు, డబ్‌మనడమూ లేదు. పైన ఎక్కడో పెద్ద తుమ్మెద దాటిపోయినట్టు ‘జుయ్‌’మని మోత.

"గంగమ్మ పాట పాడతాండాదే" అంది అక్క.

గుంట అంచున ఉన్న సందులోంచి నీళ్ల వైపు చూశాను. అవతల తుపాకి పేలింది. నీళ్ల మీద ఒకచోట తెల్లగా చిట్లింది. మళ్లీ తుమ్మెద మోత, మా మీదుగా, పలకల మీదుగా, కట్ట మీదుగా.

చిన్నప్పుడు ఇదే చెరువులో కుండపెంకులు విసిరేవాళ్లం. నేలబారుగా విసిరితే పెంకు మునగదు. నీళ్లను తాకి లేచి, మళ్లీ తాకి లేచి, కప్పలాగా గంతులేస్తూ పోతుంది. బాగా విసిరే పిల్లల పెంకు ఆఖరి గంతులో గట్టెక్కేది. ఎన్నేండ్లుగానో చెరువులో నీళ్లు లేక ఆ ఆటే మరిచిపోయాం. పొడి నేలలో పడే గుండుకు దుమ్ము లేస్తుంది, గుండు అక్కడే చస్తుంది. నీళ్లలో పడే గుండు సంగతి ఈ కరువు నేలలో ఎవరికి గుర్తుంటుంది?

కట్ట వెనక నుంచి డప్పుల మోత వినిపిస్తోంది. గంగమ్మ రాయి దగ్గర ఊరు ఊరంతా కూర్చుని ఉంది. దీపం ఎత్తేది మా అమ్మ.

నా చెయ్యి జెండా మీదికి పోయింది. అక్క పట్టేసుకుంది.

"ఏం జేస్తాండావే?"

"గుండ్లు కట్ట దాటతాండాయక్కా. నీళ్ల మింద ఎగిరి పోతాండాయి."

"ఎవురికన్నా తగిల్నాదా? ఎవురన్నా అరిసినారా? ఇంగ రెండు మూడు దెబ్బలకు అయిపోతాదే! ఇప్పుడెత్తితే పందెం పాయ, పని పాయ. మన కూట్లో మనమే మన్ను కొట్టుకుంటామా?"

"తగిల్నాక ఎత్తేదానికా అక్కా ఈ జెండా?"

ఆమె నా ముఖం వంక చూసింది. కోపంగానే చూసింది. ఆమె పిల్లలూ ఆ రాయి దగ్గరే ఉన్నారు. చెయ్యి వదిలేసింది.

జెండా ఎత్తాను. అవతల ఇంకో తుపాకి పేలి, ఆగింది. ఆ తర్వాత కట్ట వెనక డప్పుల మోత ఒక్కటే.

హవల్దారు సాబు నిజారు పైకి మడుచుకుని నీళ్లలోనే నడిచి వచ్చాడు. ముఖం కందిపోయి ఉంది.

"క్యా హువా? ఎవురికి దెబ్బ తగిల్నాది?"

"ఎవురికీ లేదు సాబూ."

"పలక పడిపోయినాదా?"

"లేదు సాబూ."

"మరి జెండా ఎందుకెత్తినావు? గెలిసే ఆట అది! నీకు తెలుసునా, నీకు, ఆమెకు, నాకు, అందరికీ..." మాట పూర్తి కాలేదు.

గుంట పక్కన గంజికుండ పగిలిన పెంకు ఒకటి పడి ఉంది. తీసి నీళ్ల మీదికి నేలబారుగా విసిరాను. అది తాకింది, లేచింది, తాకింది, లేచింది. ఆయన ఒంటికన్నుతో దాన్ని చివరిదాకా చూశాడు. పెంకు మునిగాక కూడా చూస్తూనే ఉన్నాడు. తర్వాత కట్టెక్కి, వెనక కూర్చున్న ఊరి వైపు చూసి, దిగి వచ్చాడు. దిగేటప్పుడు చెయ్యి ఆనించుకుని దిగాడు. ముసలివాడని నాకు ఆ రోజే తెలిసింది.

ఆయన వెంట నీళ్లు దాటి నేనూ పోయాను. దొర కోపిష్టి కాదు. నెమ్మదిగానే అడిగాడు, ఎవరికైనా తగిలిందా అని. సాబు లేదన్నాడు. "ఇంత చిన్న గుండు, కట్ట దాటినా అంత దూరం పోయి ఏం చేస్తుంది?" అన్నాడు దొర.

"కొట్టే దూరం వేరు దొరా, పోయే దూరం వేరు. ఈ మాట నేనే అందరికీ చెప్పినా. నీళ్లను చూసి నేనే మరిసిపోయినా" అన్నాడు సాబు. ఇక పేలకుండా, పడుకున్న ముగ్గురి తుపాకుల్లోంచి బోల్టులు తీసి తన జేబులో వేసుకున్నాడు.

కుప్పం మనిషి ఒకడు లేచి మట్టి దులుపుకుంటూ, "మీ ఊర్లో గుండ్లకన్నా ముందు ఆడోళ్లు పేల్తారేమప్పా!" అన్నాడు. నవ్వారు. ప్లీడరు గుమాస్తా నవ్వలేదు. టోపీ నేలకేసి కొట్టి, "దీనికి భయమైతే మేం ఓడిపోవాలనా?" అని నా మీదికి వచ్చాడు.

సాబు అడ్డం నిలబడ్డాడు. "ఆపింది ఆయమ్మ కాదు. జెండా. జెండా లేస్తే ఆగాల. నేను నీకు నేర్పిన పాఠాల్లో అదే మొదటిది. గురి దాని తర్వాత."

దొర అన్న మాట ప్రకారం మళ్లీ పోటీ లేదు. స్థలం రైలున్న కుప్పానికే పోయింది.

సాబు కట్టెక్కి గుడ్డ ఊపాడు. ఊరు కదిలి వచ్చింది. మా అమ్మ నెత్తిన పిండిదీపాల పళ్లెం, వెనక ఆడవాళ్లు, డప్పులు. అందరూ ఉన్నారు. ఒక్కరికీ గీత పడలేదు. అందుకే నా మాట ఎవరూ నమ్మలేదు. జరగని దానికి సాక్ష్యం ఉండదు పిల్లలూ. తగిలి ఉంటే నన్ను దేవతను చేసేవాళ్లు. తగలలేదు కాబట్టి ‘బెదురుగొడ్డు’ అన్నారు. సంతకు పోతే కూడా, "జెండా తెచ్చినావా?" అని ఎగతాళి చేసేవాళ్లు. చాలా ఏండ్లకు మదనపల్లె అంగట్లో ప్లీడరు గుమాస్తా కనిపించి, తల కొంచెం ఊపి పక్కకు పోయాడు. దాన్ని ఏ లెక్కన తీసుకోవాలో నాకు తెలియలేదు, మంచిదనే తీసుకున్నాను.

అక్క మళ్లీ చౌడేపల్లెకే పోయి పుట్టింటి ఆవులు చూసుకుంది. బెల్లం వేసిన రాగి జావ మాత్రం అన్న మాట ప్రకారం మర్నాడు కాచి పంపింది. సాబు ఒక మామిడితోటకు కాపలా కుదిరాడు. తుపాకి ఇస్తామంటే వద్దని, రాళ్లు విసిరే వడిసెల అడిగాడట. నేను కూలికి పోయాను, నీళ్లున్నాయి కాబట్టి ఆ ఏడు మడి పని దొరికింది. అయినా గుంటలో రాగి గంజి వాసన, తూటా కాలిన వాసన కలిసి వచ్చే ఆదివారం మళ్లీ నాకు రాలేదు. అంతగా నవ్విన పని కూడా మళ్లీ చెయ్యలేదు.

ఇక పోటీ మర్నాటి సంగతి ఒకటి ఉంది, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది. పోటీనాటి సాయంత్రం గంగమ్మకు పెట్టిన, బియ్యప్పిండి బెల్లం కలిపిన చలిబిండి మా అమ్మ సాబు చేతిలో కూడా పెట్టింది. ఆయన రెండు చేతులా అందుకుని తిన్నాడు. ఇంటికొచ్చి అన్నం తింటుండగా అమ్మ మాటల్లో అంది: "రాయికి ఆనుకోని కూసోనుంటినా, తల పైన టప్పుమనింది మే. ఎవురో పిల్లనాకొడుకు రాయి ఇసిరినాడనుకున్యా."

కంచం పక్కకు జరిపి చెయ్యి కడుక్కున్నాను.

తెల్లవారగానే చెరువు దగ్గరికి పోయాను. పలకలు బండికెత్తించడానికి సాబు అప్పటికే వచ్చి ఉన్నాడు. గుంటలోంచి తెల్లరేకు కర్ర తీసి భుజాన పెట్టుకుని, కట్ట దాటి, చేల గట్ల మీద నడిచి గంగమ్మ రాయి దగ్గరికి పోయాను. ముందురోజు పూసిన పసుపు ఇంకా తడి ఆరలేదు. కూర్చున్న మనిషి తలకు జానెడు పైన, పసుపును చీల్చుకుంటూ ఒక గీత. గీతలో సీసం మెరుపు.

వెనక్కి తిరిగి చూశాను. కట్ట ఎంతో దూరాన ఉంది. గుంటకూ కాల్చేవాళ్ల గట్టుకూ మధ్య ఉన్న నూరు గజాలు దానిముందు ఎందుకూ చాలవు. కట్ట మీద సాబు నిలబడి, కర్ర ఏదని కాబోలు, నా వైపు చెయ్యి ఊపుతున్నాడు. కేకేస్తే వినపడదు.

కర్ర పైకెత్తి, ప్రతి ఆదివారం చేసినట్టే, తెల్లరేకు ఆ గీత మీద ఆనించాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు కదలలేదు. నేనూ కర్ర దించలేదు. ఆఖరికి తలపాగా విప్పి, ‘చూశాను’ అన్నట్టు, అటూ ఇటూ ఊపాడు.

అప్పుడు దించాను.